మోగని నెలకి ఒక సెలవు

క్లోరిన్ గది గుమ్మంలో మా ఫిట్టర్ బాబాయి బోర్లా పడి ఉన్నాడు. పైన గోడకి ప్రమాద గంట. గ్యాస్ లీకైతే అది మోగాలి. మోగలేదు. సుత్తికీ గంటకీ మధ్య గుడ్డ కుక్కి ఉంది.

కుక్కింది మేమే.

ఊరికి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు మాది. దాన్ని నడిపే కాంట్రాక్టులో ఒక షరతుంది: గంట మోగని నెలకి కాంట్రాక్టరుకి బహుమతి, మోగిన ప్రతిసారీ కోత. అతను లీకయ్యే పాత వాల్వులు మార్చలేదు. మోగని నెలకి మాకూ ఒక రోజు సెలవిచ్చాడు. చిన్న లీకుకే గంట గోల పెడుతుంటే ఎవరో గుడ్డ పెట్టారు. తరవాతి షిఫ్టువాళ్ళు చూసి నవ్వుకున్నారు, తీయలేదు.

నేను అక్కడే ల్యాబులో నీళ్ళు పరీక్షిస్తాను. మా ఆయన పంపు ఆపరేటరు. పెళ్ళయి నలభై రోజులు. మొన్నటి సెలవుకి మధ్యాహ్నం దాకా పడుకుని, ఒకే గొడుగులో ఊరి చివరిదాకా నడిచాం. సగం తడిసినా నవ్వు ఆగలేదు. ఆ సెలవు ఎలా వచ్చిందో నాకు తెలుసు. తెలిసే నడిచాను.

సాయంత్రం కాంట్రాక్టరు మేనేజరు కాగితం తెచ్చాడు. 'మృతుడి నిర్లక్ష్యం' అని ఉంది.

"సంతకాలు పెట్టండి. గంట ఊసే లేదు, సెలవు కూడా పోదు."

"పోయినాయన మీదికి తోసేస్తారా సార్?" అంది ఊడ్చే అక్క.

"నిజం రాస్తే జైలుకి పోయేది గుడ్డ పెట్టిన మీరే."

బాబాయి భార్య, మా అందరికీ పిన్ని, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"నలభై ఏళ్ళు వాల్వులు తిప్పిన చెయ్యి. అది ఎలాంటిదో మీకు నేను చెప్పాలా?" అంది మెల్లగా.

మా ఆయన కాగితం తిప్పి వెనక రాశాడు: 'గుడ్డ మేం పెట్టాం. పెట్టించింది మీ కాంట్రాక్టు షరతు. అది తీసేసేదాకా ప్రతి లీకుకీ ప్లాంటు ఆపుతాం.'

"పేరు పెట్టకురా, కొత్త పెళ్ళికొడుకువి," అన్నాడు ఎలక్ట్రీషియన్ మామయ్య.

"పెట్టేశాను మామయ్యా."

"అయితే ఆ కలం ఇలా పడెయ్యి."

ముప్పై ఒక్క సంతకాలు పడ్డాయి.

మర్నాడు పొద్దున పోలీసు వ్యాను వచ్చింది. ఆ కాగితం చూసి మొదటి పేరు పిలిచారు. మా ఆయన నా వైపు ఒకసారి చూసి ఎక్కాడు. పిలవకుండానే మామయ్య ఎక్కాడు. "కాస్త జరగవయ్యా," అంటూ అక్క ఎక్కింది. ఇన్‌స్పెక్టరు దిగమన్నాడు. ఎవరూ దిగలేదు. నా వంతు వచ్చేసరికి కాలు పెట్టే చోటు లేదు.

వ్యాను కదిలింది. షిఫ్టువాళ్ళని పంపుల దగ్గరే ఉంచి, మిగిలినవాళ్ళం దాని వెనకే స్టేషను దారి పట్టాం. అందరికన్నా ముందు పిన్ని నడుస్తోంది. ఆ కాగితం మీద ఆవిడ సంతకం లేదు.