ఆగినట్టు కనిపించిన చక్రం

ఆ వడ్రంగికి చెవులు వినపడవు. ఎప్పుడో వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడినీ వెంటబెట్టుకుపోయింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. లేతు మిషను మీద మంచం కోళ్లు నున్నగా తీయడానికి కళ్లూ వేళ్లూ ఉంటే చాలనేవాడు. ఈమధ్య ఆ కళ్లూ మసకబారుతున్నాయి. అది చూడలేక భార్య బజారుకెళ్లి కొత్త ఎల్‌ఈడీ దీపం తెచ్చి, మిషను పైన పెట్టించింది.

"ఏవండీ, బాగా కనిపిస్తోందా?"

"నీ ముక్కు మీద చెమటతో సహా!"

ఆ సాయంత్రం ఆయన వేగం పెంచుదామని బెల్టును మరో పుల్లీకి మార్చి పని మొదలుపెట్టాడు. కాసేపటికి చూస్తే, కొయ్యను బిగించి పట్టే నాలుగు పళ్ల ఇనుప చక్రం కదలకుండా నిలబడి ఉంది. కాళ్ల కింద మోటారు అదురు తెలుస్తూనే ఉంది. బెల్టు జారిందనుకుని, పళ్ల బిగువు చూద్దామని చెయ్యి చాచాడు.

టీ తెస్తున్న భార్య గుమ్మంలో బిగుసుకుపోయింది. ఆమె కళ్లకూ చక్రం ఆగినట్టే ఉంది, కానీ కొయ్య తిరుగుతున్న హోరు చెవుల్లో పడుతోంది. "ఏవండీ!" అని అరిచి ఏం లాభం? గ్లాసు వదిలేసి, గోడకున్న మెయిన్ స్విచ్చు లాగేసింది.

దీపం ఆరింది. కిటికీ వెలుతురులో చక్రం ఆ ఊపున ఇంకా గిర్రున తిరుగుతూ కనిపించింది. ఆయన నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

ఆమె ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూసుకుని బావురుమంది. "నా చేతులతో నేనే తెచ్చానండీ ఆ దీపం..."

"వేళ్లన్నీ ఉన్నాయిగా, పిచ్చిదానా," అంటూ ఆయన ఆమె కన్నీళ్లు తుడిచాడు.

కబురందుకుని, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఆమె తమ్ముడు వచ్చాడు. బావకు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "ఈ దీపం క్షణానికి ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంది బావా, మనకి తెలీదు. వెలిగినప్పుడే కదా కన్ను చూసేది! ఆరి మళ్లీ వెలిగేలోపు ఒక పన్ను సరిగ్గా పక్కదాని చోటుకొచ్చేస్తోంది. నాలుగూ ఒకే పోలిక. మధ్యలో జరిగిందంతా చీకట్లో కలిసిపోయింది. ఇంక ఆగినట్టే కదా కనిపించేది!"

"అంటే, నా కళ్లు బాగానే ఉన్నాయంటావ్?"

"చూసినంతవరకు నిజమే చెప్పాయి, పాపం. చూసిందే చాల్లేదు."

తమ్ముడు దాన్ని విప్పేసి, రెపరెపలాడని రకం దీపం బిగించాడు. విప్పినదాన్ని చెత్తలో పారేయబోతున్న భార్య చేతిలోంచి వడ్రంగి లాక్కున్నాడు.

"నువ్వు నాకోసం కొన్నది. తిరిగేదేమీ లేనిచోట ఉంటుందిలే," అని మసక చీకటిగా ఉండే వంటింట్లో, అన్నం తినే బల్ల పైన తగిలించాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆమె పెదవుల్లోనే గొణుగుతూ, ఆ దీపాన్నీ అమ్మినవాణ్నీ కలిపి తిట్టుకుంటోంది. ఎదురుగా కూర్చున్నాయన నవ్వడం మొదలుపెట్టాడు.

"ఎందుకండీ ఆ నవ్వు?"

"ఇన్నేళ్లూ నువ్వు గొణుక్కునేవి నాకు తెలిసేవి కావు. ఈ వెలుగులో ఒక్క తిట్టూ తప్పిపోవడం లేదు!"