గిన్నెలో వెంట్రుక

అక్షరాలు నేను డెబ్బై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు జారిపోతుంటాయి, చెయ్యి నిదానం. చదివేవాళ్ళు విసుక్కోకండి. జరిగినప్పుడు నేను ఆ రేవులోనే ఉన్నాను కాబట్టి సంగతిలో మాత్రం తప్పు రాదు.

మా జిందో దీవిలో యోన్‌బున్ అని ఒక ఇల్లాలు ఉండేది. ఆమె మొగుడు మన్‌బొక్ పీతల వలలు తియ్యడానికి ఒక్కడే పడవ వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. కొన్నాళ్ళకు పడవ పక్క దీవి రాళ్ళ మీద బోర్లా దొరికింది గానీ మనిషి దొరకలేదు.

సముద్రంలో పోయినవాణ్ణి మావాళ్ళు అన్నం పెట్టి పైకి పిలుస్తారు. ఇత్తడి గిన్నె నిండా బియ్యం పోసి, తెల్లగుడ్డతో మూతి కట్టి, తాడుతో నీళ్ళలోకి దింపుతారు. పైకి లాగి విప్పినప్పుడు బియ్యంలో వెంట్రుక కనిపిస్తే ఆ మనిషి వచ్చినట్టు. అప్పుడు ఇల్లాలు దాన్ని చేతిలోకి తీసుకుని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తేనే మా ఊరి పూజారిణి దాంగోలమ్మ పాట ఎత్తుకుంటుంది. ఆవిడ వాళ్ళ అమ్మా, అమ్మమ్మా కూడా చచ్చినవాళ్ళకు దారి చూపే పాటలు పాడినవాళ్ళే. పాట లేకపోతే కొడుకు చలినీళ్ళలో వణుకుతూ ఉండిపోతాడని యోన్‌బున్ అత్త బెంగ. అందుకే ఆ శరదృతువులో, పంట ఇంటికి రాగానే, ఆవిడ ఊరందర్నీ రేవుకు పిలిచింది.

తాడు పట్టుకున్నది టక్‌సే. అతని సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కొన్నేళ్ళ కిందట అతనూ ఇలాగే తప్పిపోయాడు. ఇలాగే గిన్నె దింపారు, వెంట్రుక వచ్చింది, ఇంటిల్లిపాదీ మైల పట్టారు. ఆ తర్వాత ఒకరోజు టక్‌సే నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. దూరదేశం ఓడ ఎక్కించుకుపోయిందట. ఆకలి మీదున్నాడేమో, తన పేరున పెట్టిన పళ్ళెం ఖాళీ చేసేశాకగానీ ఎవర్నీ పలకరించలేదు.

మొదటిసారి బియ్యం శుభ్రంగా వచ్చింది. మళ్ళీ దింపారు. ఈసారి గుడ్డ విప్పిన దాంగోలమ్మ చెయ్యి ఆగిపోయింది. తెల్లటి బియ్యంలో నల్లటి వెంట్రుక ఒకటి.

“వచ్చాడే, నా తండ్రి వచ్చాడే!” అని అత్త నేల మీద కూలబడింది.

“తీసుకో అమ్మాయ్, పిలువు,” అంది దాంగోలమ్మ.

యోన్‌బున్ దాన్ని వేలికి చుట్టి, ఎండకేసి పట్టి చాలాసేపు చూసింది.

“వెంట్రుకే,” అంది.

“వాడిదేగా!”

“అది నాకు తెలీదత్తయ్యా.”

రేవంతా గుసగుసలు. పక్కింటి వదిన గొంతు పెంచింది. “ఇన్నేళ్ళు కాపురం చేసింది, మొగుడి వెంట్రుక గుర్తుపట్టలేదట!”

“మీరు గుర్తుపడతారులే వదినా, అన్నయ్య తల మీద ఒక్కటి మిగిలితే,” అంది యోన్‌బున్.

అంతటి ఏడుపులోనూ నవ్వు ఆగలేదు జనానికి. ఆ నవ్వులోనే ఆమె టక్‌సే వైపు తిరిగింది. “బాబాయ్, నీకూ వచ్చిందిగా. ఎవరిదది?”

“మధ్యలో నన్నెందుకే లాగుతావు?” అన్నాడు టక్‌సే తాడు చుట్టుకుంటూ. “మా ఆవిడనడుగు. వెంట్రుక నాదేనంటుంది. ఇంటికొచ్చినవాడు నేనేనా అన్నదే దాని అనుమానం. కాస్త గట్టిగా మాట్లాడానా, చచ్చినోడివి నీకెందుకు, మూల కూర్చోమంటుంది.”

అత్త మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. “నా బిడ్డ నీళ్ళలో నానుతుంటే మీకు పరాచికాలా? ఒక్క మాట అనవే. అంటే నీ నోరు అరిగిపోతుందా?”

“అంటాననుకోండి. ఆయన ఎక్కడో ఒడ్డున బతికుంటే? నా నోటితో నేనే చంపినట్టు కదా.”

“అయితే బతికే ఉన్నాడను! అదైనా అను!”

“నిజంగా నీళ్ళలోనే ఉంటే? చలికి వదిలేసినట్టు. రెండూ అనను.”

“నాకు తెలుసే. కన్నదాన్ని, నాకు తెలీదా?”

“మీకు తెలిస్తే మీరు పిలవండి, నేను అడ్డం రాను. నాకు తెలిసినంత మటుకే నేను పిలుస్తాను.”

అందరూ చూస్తుండగా రేవు చివరి రాయి మీదికి వెళ్ళి నిలబడింది. గాలికి కొంగు లేస్తోంది. వెంట్రుక ఎగిరిపోకుండా గుప్పిట బిగించింది.

“ఎవరి బిడ్డవో!” అని సముద్రం వైపు గట్టిగా అరిచింది. “మా గిన్నెలోకి వచ్చావు. మావాడివైనా సరే, ఎక్కడివాడివైనా సరే, రా. ఇంత అన్నం తిను. పొడిబట్ట కట్టుకో. నీకోసం ఎదురుచూసే తల్లి ఎక్కడుందో నాకు తెలీదు. ఈ పూటకి మా ఇంటికి రా!”

అత్త రెండు పిడికిళ్ళతో ఆమె వీపు మీద బాదింది. “నా కొడుకు అన్నం ఊరూ పేరూ లేనివాడికి పెడతావా! పెడతావా!” యోన్‌బున్ కదల్లేదు. దెబ్బలన్నీ ఓర్చుకుని మళ్ళీ అదే పిలుపు పిలిచింది.

జనం దాంగోలమ్మ వైపు చూశారు. కోడల్ని కసిరి దారికి తెస్తుందనుకున్నారు. ఆవిడ డోలు ఒళ్ళోకి లాక్కుంది.

“ఆటుపోటు తిరుగుతోంది,” అంది. “వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టకూడదు. ఇన్నేళ్ళుగా పాడుతున్నాను గానీ, వచ్చింది ఎవరని నేనూ ఎన్నడూ అడగలేదు. మీరిద్దరూ పిలవండి.”

డోలు మోగింది. తల్లి మన్‌బొక్ అని పిలిచింది, భార్య ఎవరి బిడ్డవో అని పిలిచింది. ఒకే పాట కింద రెండు పిలుపులూ చీకటి పడేదాకా సాగాయి.

ఇంటికి వెళ్ళాక అత్త మైలబట్ట కట్టుకుంది. కొడుకు పేరున పళ్ళెం పెట్టి, అన్నం మధ్యలో చెంచా నిలువుగా గుచ్చింది. చచ్చినవాళ్ళకు మేము పెట్టేది అలాగే. యోన్‌బున్ మైలబట్ట ముట్టుకోలేదు. ఇంకో గిన్నెలో అన్నం వేసి, మూత పెట్టి, పొయ్యి వేడి తగిలే నేల మీద బొంత కింద దాచింది. ఊరు వెళ్ళినవాడు ఏ వేళకు వచ్చినా వేడిగా తింటాడని మా ఇళ్ళలో అలా దాస్తారు.

అత్త చూస్తూ కూర్చుంది. “ఆ రెంటిలో ఒకటి అబద్ధమే,” అంది.

“అవును. ఏదో చూపించండి, ఇప్పుడే తీసేస్తాను.”

“బియ్యమేమన్నా ఊరికే వస్తోందా?” అని మాత్రం సణిగింది అత్త.

“నా ముద్ద తగ్గించుకుంటాను. తెలిసేదాకా రెండూ ఉంటాయి.”

పెద్దలు వచ్చి చెప్పిచూశారు. ఆమె పుట్టింటి అన్నగారు వచ్చి, విధవవి విధవలా ఉండమని కేకలేశాడు. ఎవరు వచ్చినా ఆమె అడిగేది ఒక్కటే, మీరు చూశారా అని. చూశామని చెప్పే మనిషి ఒక్కడూ రాలేదు. మన్‌బొక్ కూడా రాలేదు.

ఆ చలికాలమే అత్త పోయింది. పీడ వదిలిందనీ, ఇక చెంచా గుచ్చిన పళ్ళెం మానేసి బొంత కింది గిన్నె ఒక్కటే ఉంచుకుంటుందనీ ఊరంతా అనుకుంది. మర్నాడు సాయంత్రం పక్కింటి వదిన తొంగిచూసేసరికి యోన్‌బున్ రెండూ వడ్డిస్తోంది.

“ఇంకా ఇదెందుకే? ఆవిడే లేదుగా అడగడానికి!”

యోన్‌బున్ చెంచా నిటారుగా గుచ్చి, అది పడకుండా చుట్టూ అన్నం అదిమింది.

“ఆవిడ చెప్పింది తప్పని నాకెలా తెలుసు వదినా?” అంది.

— కాంగ్ మల్‌సుక్, డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మొక్‌పోలో, చేపల బజారు వెనక చిన్నకూతురింట్లో ఉంటున్నాను.