రెండు హెక్టార్ల మర్యాద

తన కూతురి బాప్తిస్మానికి ఉబాల్దో జ్ఞానతండ్రిగా నిలబడి ఉండకపోతే, ఎవారిస్తో ఈ వాంతి దుప్పటి తీసుకెళ్ళి అతని ముఖానికే చుట్టి ఉండేవాడు. నాలుగు వందల పన్నెండో గది దుప్పటి. రొయ్యలు, తెకీలా, ఇంకేదో ఎర్రటి ముద్ద. చేతి తొడుగు చూపుడువేలి దగ్గర చిరిగింది. కొత్త జత అడిగి మూడు వారాలైంది. హోటల్లో పనివాళ్ళ వ్యవహారాలన్నీ ఉబాల్దో చేతిలోవే. "రాసుకున్నా కొంపాద్రె, రాసుకున్నా" అంటాడు, ఆ చర్చి చుట్టరికపు పిలుపుతోనే. రాసుకోవడం అతనికి పాత జబ్బు.

మురికిగుడ్డలు వేరుచేసే గది నేలమాళిగలో ఉంది. పై అంతస్తుల నుంచి ఇనప గొట్టంలో మూటలు దబ్బుమని పడతాయి. నెత్తురు మరకలవి ఒక బుట్టలోకి, ఒంటికి పూసుకున్న క్రీముల జిడ్డువి ఇంకో బుట్టలోకి, నోటితో చెప్పకూడనివి మూడో దాంట్లోకి. ఎవారిస్తోకి యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి. కొబ్బరికాయలు వలిచిన నాటి కండ ముంజేతుల్లో ఇంకా మిగిలే ఉంది. ఇక్కడ చేరిన ఏడాదికల్లా అందరికీ ముక్కు చచ్చిపోతుంది. పదకొండేళ్ళయినా అతనిది చావలేదు. అదే అతని ఖర్మ.

బుట్ట అంచున నీలం అట్ట నోటుపుస్తకం తెరిచిపెట్టుకుని, పెదాలు కదుపుతూ దుప్పటి మడత విప్పాడు.

"ఏంటన్నా, వాంతికి జపం చేస్తున్నావా?" అంది చోలె, ఇస్త్రీ యంత్రం దగ్గర్నుంచి.

"ఇంగ్లీషు."

"కంపు కొడుతుంటేనే అనుకున్నాలే."

అతను నవ్వలేదు. సోమవారం నుంచి ఈ గుడ్డలన్నీ పట్నంలో బట్టలుతికే కంపెనీకి పోతాయి. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కినవాళ్ళకి బీచ్‌లో తువ్వాళ్ళిచ్చే పని. తప్పినవాళ్ళు ఇంటికి. చోలె రెండేళ్ళు టెక్సాస్‌లో అంట్లు తోమి వచ్చింది కాబట్టి నిన్ననే గట్టెక్కింది. ఎవారిస్తో వంతు ఇవాళ మూడింటికి. ఎప్పుడో మొదలై ఇంకా తెగని పనిని చెప్పడానికి వాళ్ళకో కాలం ఉందట, పరీక్షలో అదే అడుగుతారట. ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నావు, ఎన్నాళ్ళుగా ఉంటున్నావు.

అతని భాషలో అయితే పదకొండేళ్ళ నుంచి చేస్తున్నా అంటే అయిపోతుంది. తెల్లవాళ్ళకి అది చాలదు. మధ్యలో 'కలిగి ఉన్నాను' అని ఒక ముక్క ఇరికించాలి. ఏం కలిగి ఉన్నానని? చిరిగిన తొడుగా? మూడో తరగతితో బడి మానేసినవాడు నాలుగు నెలలు ఆ ముక్కని మింగాడు, కక్కాడు. స్నానం చేస్తూ గొణిగాడు, నిద్రలో పలవరించి పెళ్ళాం తొమాసా చేత తిట్లు తిన్నాడు. ఇప్పుడిక తప్పు పోదు.

ఈ నేలమాళిగ తవ్విన చోట అతని తండ్రి కొబ్బరితోట ఉండేది. ఇరవయ్యేళ్ళ కిందట ఇంజినీర్లు చూడటానికి వస్తే ముసలాయన బోండాలు కొట్టిచ్చి, "కూర్చోండి బాబూ, ఇది మీ తోటే, మీ ఇల్లే" అన్నాడు. ఈ తీరంలో ఎవరైనా అదే అంటారు. వచ్చిన మనిషి ముందు 'నా ఇల్లు' అనేవాడు మొరటువాడు. అప్పట్లో రైతుసంఘం కార్యదర్శి ఉబాల్దోనే. ఆ మాట రాసుకున్నాడు. అంతకు ముందు సమావేశానికి వచ్చినట్టు ముసలాయన వేసిన వేలిముద్ర ఒకటుంటే, దాని పైన ఖాళీలో 'తోట ఇవ్వడానికి అంగీకారం' అని రాశాడు. ఆ ఏడే హోటల్ వాళ్ళు అతని మెడకి టై కట్టారు. ఎవారిస్తో ఏం చేయగలడు? జ్ఞానతండ్రిని కొట్టకూడదు. ఆ ముడి చర్చిలో పడింది.

మూడింటికి బ్లీచింగ్ నీళ్ళతో మోచేతుల దాకా తోముకుని పైకి వెళ్ళాడు. చల్లటి గది. కెనడా నుంచి వచ్చిన పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, అతను కూర్చోగానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. పక్కన ఉబాల్దో, పళ్ళన్నీ బయటపెట్టి.

"ఎన్నాళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నారు?"

ఇంగ్లీషులో చెప్పాడు. 'కలిగి ఉన్నాను' దాని చోట అది కూర్చుంది. పిల్ల తలూపి టిక్కు పెట్టింది.

"మీ ఇల్లెక్కడ? ఎన్నాళ్ళుగా ఉంటున్నారక్కడ?"

ఎవారిస్తో వెన్ను నిటారుగా పెట్టాడు. కొత్త మనిషి ఇల్లడిగితే ఎలా చెప్పాలో అలాగే చెప్పాడు, కాలం ఎక్కడా చెడకుండా. "మీ ఇల్లు పెద్దరోడ్డు వెనక ఉందమ్మా. పంతొమ్మిదేళ్ళుగా మీ ఇంట్లో ఉంటున్నాను."

"నా ఇంట్లోనా?" పిల్ల నవ్వింది. "కాదు కాదు, మీ ఇల్లు. మీది."

"అవునమ్మా, మీదే."

ఆమె ఉబాల్దో వైపు చూసింది. ఇక్కడ మర్యాదకి అలా అంటారని ఒక్క మాట చెబితే చాలు. ఉబాల్దో తల్లి అలాగే అనేది. అతని పెళ్ళాం ఇవాళ్టికీ అలాగే అంటుంది. అతను భుజాలెగరేసి, ఆమెతో కలిసి నవ్వాడు. ఆమె కాగితం మీద ఏదో రాసింది.

అయిదింటికి ఉబాల్దో కిందికి వచ్చి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏం చేస్తాం కొంపాద్రె. ప్రశ్న అర్థం కాలేదని రాసిందావిడ. సోమవారం నుంచి రానక్కర్లేదు."

"మీకు అర్థమైంది కదా కొంపాద్రె?"

ఉబాల్దో జేబురుమాలు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

గొట్టంలోంచి ఇంకో మూట పడింది. ఎవారిస్తో దాన్నీ విప్పి, ఏ బుట్టవి ఆ బుట్టలో వేశాడు. తొడుగులు ఊడదీసి, చేతులు కడుక్కుని వాసన చూసుకున్నాడు. మొహం చిట్లించి మళ్ళీ కడుక్కున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"ఏమీ అనవా అన్నా?" అంది చోలె, ఉబాల్దోకి వినపడేలా.

అతను టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "వెళ్ళొస్తా కొంపాద్రె. మీ ఇంటికే పోతున్నా. గురువారం కదా, తొమాసా మొక్కజొన్న పొసోలె పులుసు వండి ఉంటుంది."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంటున్న మాటే. కానీ ఇవాళ ఆ మాటని నేల మీద ఉమ్మినట్టు అన్నాడు. ఉబాల్దో ఈసారి రాసుకోలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

నీలం నోటుపుస్తకం బుట్ట అంచునే ఉండిపోయింది. చోలె తీసి తిరగేసింది. పేజీల నిండా ఇంగ్లీషు, ఒకే వాక్యం వందలసార్లు. వెనక అట్ట లోపల పెన్సిలుతో గీసిన నలుచదరపు గడి, దాని కింద అతని వంకర రాత: రెండు హెక్టార్లు, నూట ఎనభై ఆరు కొబ్బరి చెట్లు, ఒక బావి.