గాలిమోటరు చేను

రాజేశ్వరమ్మ ముందు సీట్లోనే కూర్చుంటానని పట్టుబట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. అరవై దాటిన మనిషి. జీపు వెనక మెత్త పరిచి పెట్టాను, హాయిగా ఒరిగి పడుకోవచ్చు కదా! "నువ్వు తోవ తప్పుతవు మల్లేశా, నేను చూస్కుంట కూసుంట" అంది. గద్వాలలో పుట్టి, ఈ జీపుతోనే బతుకుతున్నవాణ్ని. నాకు దారి చెప్పే మనిషి ఇన్నాళ్లకు దొరికింది.

వెనక మెత్త మీద మార్కండేయ కూర్చున్నాడు. ఆమె మరిది కొడుకు. తల్లి పురిట్లోనే పోతే ఈ పెద్దమ్మే పెంచింది. అతని కూతురు జమ్ములమ్మను కూడా ఈమె ఒళ్లోనే పెంచింది. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, పట్టు అంచు చీరలు నేస్తారు. వచ్చే వారం జమ్ములమ్మ పెళ్లి. పెళ్లికి ముందు పసుపు కొమ్ములు దంచాలి, అది ముత్తైదువలు చేసే పని. పేచీ అక్కడే వచ్చింది.

రాజేశ్వరమ్మ భర్త శ్రీరాములుకు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం నచ్చేది కాదట. యుద్ధం రోజుల్లో హైదరాబాదు పోయి, గాలిమోటర్లు బాగుచేసే చోట చేరాడు. విమానాన్ని మా పాలమూరులో గాలిమోటరనే అంటాం. ఒకరోజు ఒక తెల్లదొరతో కలిసి అందులో ఎక్కాడు. అది ఎక్కడో గుట్టల్లో పడింది. దొర శవం దొరికిందని, శ్రీరాములు జాడ తెలియలేదని కబురొచ్చింది. ఏ ఊరి గుట్టలో చెప్పిన పుణ్యాత్ముడు లేడు. శవాన్ని చూడకుండా బొట్టు తీయొద్దన్నారు పెద్దలు. ఆమె తీయలేదు.

అప్పటినుంచి సగం వీధికి ఆమె ముత్తైదువ, సగం వీధికి ముండరాలు. ఒక ఇంట్లో పేరంటానికి పిలుస్తారు. పక్కింటివాళ్లు ఆమె ఎదురొస్తే ప్రయాణం మానుకుంటారు. ఇప్పుడు మగపెళ్లివాళ్లు కూడా కబురు పంపారు: "ఎటూ తేలని మనిషి. పసుపుల చెయ్యి పెట్టనియ్యకుండ్రి." వీళ్ల నోట్లో మన్ను పడ! పెంచిన చేతులకు పసుపు ముట్టే హక్కు లేదా?

సరిగ్గా అప్పుడే మార్కండేయ చీరలు అమ్మడానికి కోడేరు వైపు పోయాడు. అక్కడ ఒక రైతు మాటల మధ్యలో "మా గాలిమోటరు చేను" అన్నాడట. మార్కండేయకు నోట్లో నువ్వుగింజ నానదు. అదెక్కడో సరిగా అడగకుండానే ఇంటికొచ్చి చెప్పేశాడు. రాజేశ్వరమ్మ అన్నం ముందు నుంచి లేచి, "జీపు మాట్లాడు. పోయి తేల్చుకుంట" అంది.

బయలుదేరే ముందు మార్కండేయ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, జర అటు ఇటు తిప్పి ఎనకకు తీస్కరా. ఆ జాగ దొరికితే పెద్దమ్మ బొట్టు తీయాలె. దొరకకుంటే మగపెండ్లోల్ల కాళ్లో గడ్డమో పట్టుకుంట" అన్నాడు. సరేనన్నాను. నాకూ ఆ ముఖాన్ని బొట్టు లేకుండా చూడాలని లేదు.

బీచుపల్లి వంతెన దాటి, వనపర్తి మీదుగా కోడేరు చేరాం. అక్కడితో రోడ్డు అయిపోయింది. ఆ ఏడు వానల్లేవు. ఎటు చూసినా ఎర్రటి మొరం నేల, గుండ్లు, సర్కారు తుమ్మ. గడ్డిపోచ లేదు. అడిగినవాళ్లలో కొందరు అటు, కొందరు ఇటు చూపించారు. ఎండిన వాగులో దిగితే ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి. మార్కండేయా నేనూ దిగి తోశాం. రాజేశ్వరమ్మ కొంగు నడుముకు చుట్టి తుమ్మకొమ్మలు ఏరుకొచ్చి చక్రాల కింద వేసింది. చేతులు గీరుకుపోయి రక్తం వస్తోంది.

"అవ్వా, నువ్వు కూసో. మాకు పరేషాన్ చెయ్యకు" అన్నాను.

"నీ జీపు కన్న నేనే నయం. ఇన్నేండ్ల సంది ఎవ్వరు తొయ్యకున్నా నడుస్తున్న" అంది.

వాగు దాటాక నేను మాటిచ్చినట్టే జీపును ఉత్తరానికి తిప్పాను. రైతులు ఎక్కువమంది చూపింది తూర్పు. ఆమె స్టీరింగు మీద చెయ్యి వేసింది. "మల్లేశా, మార్కండేయ నీ చెవుల ఏం ఊదిండో నాకు తెలుసు. నా మీద ప్రేమ, పావురం ఉంటే తూర్పుకు పోనియ్యి." మార్కండేయ వెనక తల వంచుకున్నాడు. తూర్పుకే పోనిచ్చాను.

రెండు గుట్టల మధ్య ఒక చేను కనిపించింది. చుట్టూ దున్ని, విత్తనానికి వాన కోసం ఎదురుచూస్తున్న నేల. నడుమ కళ్లమంత జాగా మాత్రం నాగలి తగలకుండా ఉంది. అందులో సగం పూడిన ఇనుప ముద్ద. దానికి సున్నం పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. ముందర టెంకాయ చిప్పలున్నాయి. జీపు మోత విని చేను యజమాని బాలన్న, అతని తల్లి భీమమ్మ గుడిసెలోంచి వచ్చారు.

"మా గాలిదేవుడు" అన్నాడు బాలన్న, చెప్పులు విడిచి. "విత్తనం పెట్టేముందు మొదటి టెంకాయ ఈయనకే. ఈ జాగల మేం నాగలి పెట్టం."

రాజేశ్వరమ్మ కుంకుమ పూసిన ఆ ఇనుమునే చూస్తూ నిలబడింది. భీమమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "ఏ ఊరక్కా?" అంది.

"గద్వాల."

భీమమ్మ ముఖం మారిపోయింది. నేల మీద చతికిలపడింది. "నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు పడ్డది ఈ గాలిమోటరు. తెల్లదొర అప్పుడే పోయిండు. ఇంకొక పిల్లగాడు జరసేపు బతికిండు. నీళ్లు తాపిన. ఏ ఊరు నాయనా అంటే గద్వాల, మగ్గమోళ్లం అన్నడు. పేరు అడిగేలోపే కన్ను మూసిండు. దొర కోసం పోలీసోళ్లొచ్చిండ్రు. ఇంకొకడున్నడా అని వాళ్లడగలే. మేమే సంపినమంటరని భయపడి చెప్పలే. ఈడనే పాతిపెట్టినం. ఆ ఏడు వానలు బాగ పడ్డయ్. మా మామ దేవుడన్నడు. దేవుణ్ని చేస్తిమి."

"గద్వాలకు కబురన్న చెయ్యకపోతిరా?" అని నేను అరిచాను. నిజంగానే కొట్టాలన్నంత కోపం వచ్చింది.

"తప్పే కొడుకా" అంది భీమమ్మ. "భయానికి చేసిన తప్పు."

రాజేశ్వరమ్మ నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తింది. "ముక్కుకు కుట్టుండెనా?" అని అడిగింది.

"ఉండె. మొగపిల్లగానికి ముక్కు కుట్టేందని నేనే అనుకున్న."

"ముందు పుట్టినోళ్లంత పోయిండ్రని మా అత్త ఈయనకు ముక్కు కుట్టిచ్చింది" అంది రాజేశ్వరమ్మ. ఆ మాటతో అనుమానం ఏమీ మిగలలేదు. మార్కండేయ తల పట్టుకున్నాడు. ఆమె ఇంకొకటి అడిగింది. "నా గురించి ఏమన్న అన్నడా?"

భీమమ్మ అబద్ధం చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు. "లేదక్కా. నీళ్లే అడిగిండు. కడుపునిండ తాగిండు" అంది.

రాజేశ్వరమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయింది. భీమమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. భీమమ్మ నుదుటి బొట్టు మాత్రం ఎప్పుడో పోయింది. "తియ్యకక్కా. నీ మొగడు మాకు దేవుడు. దేవుని పెండ్లాం ముండరాలైతదా? నీ పసుపు కుంకుమకు ఏ అడ్డం లేదు."

మార్కండేయ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇన్నవా పెద్దమ్మా! మగపెండ్లోల్లకు ఇదే మాట చెప్త. ఎవడు కాదంటడో చూస్త!" నాకూ ఊపిరి ఆడింది. అబ్బ, భీమమ్మ ఎంత చక్కని దారి చూపించింది అనుకున్నాను.

రాజేశ్వరమ్మ నెమ్మదిగా చెయ్యి విడిపించుకుంది.

"దేవునికి మొక్కాలె గని ఏడ్వొద్దు" అంది. "నేను ఇయ్యాల్టిదాక ఏడ్వలే భీమమ్మా. ఏడిస్తే అపశకునం అన్నరు. బతికున్నోని కోసం ఏడుస్తవా అన్నరు. నాకు దేవుడొద్దు. నాకు నా మొగని కోసం ఏడ్వాలనుంది."

కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. ఆ ఇనుము పక్కన మట్టి మీద బోర్లా పడి, "ఓ నా రాజా, గీ గుండ్ల నడుమ పండుకున్నవా" అని గొంతెత్తి ఏడ్చింది. అప్పుడు ఏడవని పద్దెనిమిదేళ్ల పిల్ల ఏడ్పు అది. భీమమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి తనూ గొంతు కలిపింది. మార్కండేయ ఓదార్చబోతే బాలన్న ఆపాడు. నేను జీపు వెనక్కి పోయి ఏడ్చాను, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

తిరుగు దారిలో ఆమె ముఖం కడుక్కుని వెనక మెత్త మీద ఒరిగింది. పెబ్బేరు దాటాక, "పసుపు వేరేటోళ్లతోని దంచియ్యిరా మార్కండేయా. ఇంక ఏ పేచీ లేదు" అంది.

పొద్దున మగపెళ్లివాళ్ల గడ్డం పట్టుకుంటానన్న మార్కండేయ ఇప్పుడు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "నువ్వు దంచని పసుపు నా బిడ్డకు పుయ్య పెద్దమ్మా. వాళ్లకు ఇష్టం లేకుంటే పెండ్లి బంద్ చేసుకోనియ్యి."

"పిల్ల బతుకు ఆగం చేస్తవా?"

"పిల్లనే చెప్పింది. నువ్వు బొట్టుతోని వచ్చినా, తీసి వచ్చినా నీతోనే దంచియ్యమన్నది. పొద్దున చెప్పే ధైర్యం నాకే లేకుండె."



పసుపు దంచే రోజు నేనూ పోయాను. బొట్టు లేని ముఖంతో రాజేశ్వరమ్మ రోకలి పట్టుకుంది. మగపెళ్లివాళ్ల తరఫున వచ్చిన సుగుణమ్మ మూతి తిప్పుకుని లేచి పోయింది. పోతే పోయింది. జమ్ములమ్మ వచ్చి పెద్దవ్వ పక్కన నిలబడి, అదే రోకలి మీద తన చెయ్యి కూడా వేసింది. ఇద్దరూ కలిసి దంచారు.