కుడివైపు నిశ్శబ్దం

నేను ఒక స్టెతస్కోపును. నన్ను చూడగానే మీకు చేతులు జోడించాలనిపిస్తుందని తెలుసు. కొడుకు డాక్టరైన ప్రతి ఇంటి హాల్లోనూ ఫొటోలో దండలా వేలాడేది నేనే. ఆ భక్తి కాసేపు పక్కన పెట్టి దగ్గరికొచ్చి చూడండి. నా చెవిగొట్టాల చివర గులిమి. నా బిళ్ల అంచు చుట్టూ ఎండిన చీమిడి, కక్కిన పాలు, విభూతి, ఛాతీకి రుద్దిన బామ్ జిడ్డు. ఒక పిల్లాడి దగ్గును ఇంకో పిల్లాడి ఛాతీకి మోసుకెళ్లే వాహనాన్ని నేను. నన్ను శుభ్రం చేయడానికి చిటికెడు దూది, చుక్క స్పిరిట్ చాలు. రెండూ బల్ల మీదే ఉంటాయి. ఎవరూ తుడవరు.

అసహ్యం వేస్తోందా? నాకూ వేస్తుంది. కానీ మురికి మీద కాదు. మురికి తుడిస్తే పోతుంది.

ఉత్తరాదిలో ఒక ఇరుకు ఫ్యాక్టరీలో ఉక్కు బిళ్లకు రబ్బరు గొట్టం తగిలించి నన్ను తయారుచేశారు. వినడం ఒక్కటే నా పని. నన్ను మొదట కొన్నది డాక్టర్ ఇందుమతి. గోదావరి కాలవ పక్కన ఒక పట్టణంలో ఆవిడ పిల్లల డాక్టరు. పట్టణం పేరు చెప్పను. చెబితే మా ఊరినే అంటావా అని గొడవకొస్తారు.

ఇందుమతి గారికి కొన్ని పట్టింపులుండేవి. పిల్ల చొక్కా విప్పించాల్సిందే. నన్ను అరచేతిలో రుద్ది వెచ్చబరచాకే ఒంటికి ఆనించేది. కుడివైపు ఒక చోట విన్నాక, ఎడమవైపు సరిగ్గా అదే చోట వినేది. వెనక, పక్కల, చంకల కింద కూడా. "రెండు వైపులా ఒకేలా ఉందా లేదా, అది తేల్చుకోకుండా మందు రాయకూడదు," అని తన దగ్గర పని నేర్చుకునే వాళ్లతో అనేది. అన్నిటికన్నా ముఖ్యమైన పట్టింపు ఇంకోటుంది. తల్లి చెప్పడం పూర్తయ్యేదాకా నన్ను చెవుల్లో పెట్టుకునేది కాదు. "ఎప్పుడు మొదలైందమ్మా? ఆ నిమిషంలో పిల్లాడు ఏం చేస్తున్నాడు?" అని అడిగి, నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

వయసు మీదపడి చెవులు మందగించాక ఆవిడ తప్పుకుంది. ఆసుపత్రినీ నన్నూ శిష్యుడు చక్రపాణికి అప్పగించింది. "చొక్కా మీద నుంచి వినకురా," అని ఒక్క మాట చెప్పింది. అతను ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఫొటోలో సరిగ్గా పడలేదని మళ్లీ పెట్టాడు.

అక్కడితో నా మంచి రోజులు అయిపోయాయి.

చక్రపాణికి చదువు రాదనుకోకండి, బాగా వచ్చు. ఓపికే లేదు. బయట వరండాలో దగ్గే పిల్లలు, ఏడ్చే పిల్లలు, టోకెన్ల కోసం తోసుకునే తండ్రులు. లోపల గోడ పొడుగునా నెబ్యులైజర్ యంత్రాలు వరసగా గుర్రుమంటుండేవి. ఏ దగ్గుతో వచ్చినా ముందు మాస్కు పెట్టి మందు పొగ పట్టించడమే. చాలామంది పిల్లలకు అది అవసరమే, వాళ్లకు తగ్గేది కూడా. అతనికి ఆ ధైర్యం చాలు.

తల్లి నోరు తెరవగానే అతను నన్ను చెవుల్లో దూర్చుకునేవాడు. "ఊపిరి వింటున్నానమ్మా, మాట్లాడకండి," అనేవాడు. పిల్ల గౌను మీద, అదీ జరీ అంచు మీద, నన్ను రెండు క్షణాలు ఆనించేవాడు. నాలోంచి జరీ గరగర తప్ప ఇంకేం వినబడుతుంది? అతనికి కావలసింది వినడం కాదు, తల్లి నోరు మూతపడటం. వినడానికి పుట్టిన నన్ను చెవులు మూసుకోవడానికి వాడాడు.

శ్రావణమాసం, ముసురు పట్టిన రోజులు. జోషిత అనే రెండేళ్ల పిల్లను తీసుకొచ్చారు. తల్లి పేరు పావని. వెంట అత్తగారు సత్యవేణి. పిల్ల దగ్గుతోంది, ఊపిరి వదిలినప్పుడు సన్నగా ఈల వస్తోంది.

"డాక్టరు గారండీ, శుక్రవారం పేరంటం నుంచి వచ్చాకండీ, పిల్ల పరిగెడతా ఉంటే..." పావని మొదలుపెట్టింది.

నేను చక్రపాణి చెవుల్లోకి వెళ్లిపోయాను.

"వానలో తడిసిందండీ, అంతే," అంది సత్యవేణి గట్టిగా. "ఉబ్బసం మా మావగారికీ ఉండేదండి. మా వంశంలోనే ఉందది."

ఆ మాట మాత్రం నన్ను దాటుకుని అతని చెవికెక్కింది. వంశంలో ఉబ్బసం, వానాకాలం, పిల్లికూతలు. అతని బుర్రలో లెక్క కుదిరిపోయింది. నెబ్యులైజర్, సిరప్పు, వెళ్లి రండి.

ఆ రోజు నన్ను ఆనించింది ఎడమవైపు. అక్కడ గాలి బాగానే ఆడుతోంది. గాలి ఆడని వైపు అతను రానే లేదు.

తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఈసారి జ్వరం కూడా. ఎక్స్‌రే తీయించాడు. గింజలూ పప్పులూ ఎక్స్‌రేలో కనబడవు. ఎముకలాగో ఇనుములాగో గట్టిగా ఉన్నవే కనబడతాయి. అతను ఫిలిమును దీపానికేసి చూసి, "క్లియర్‌గా ఉంది," అన్నాడు. అప్పుడు నన్ను గౌను మీద కుడివైపు పెట్టాడు. మొదటిసారి! గాలి లోపలికి రావాలి, రావడం లేదు. బయటికి పోవాలి, పోవడం లేదు. పాడుబడ్డ ఇంటి తలుపుకు చెవి ఆనించినట్టుంది. ఇప్పుడు తెలుసుకుంటాడు, ఇప్పుడు గౌను విప్పమంటాడు అని ఎదురుచూశాను. అతని ఫోను మోగింది. నన్ను చెవుల్లో ఉంచుకునే, తెర మీద పేరు చూసి నవ్వాడు. చెయ్యి జారి నేను పిల్ల పొట్ట మీదికొచ్చాను.

"డాక్టరు గారండీ, నేను చెప్పేది ఒక్కసారి..."

"మందు డోసు పెంచుతున్నానమ్మా. ఇంటర్నెట్‌లో చదివి భయపడకండి."

"నెట్టు కాదండీ, శనగలండీ..."

"పావనీ!" అంది సత్యవేణి. "అమ్మవారి వాయనం మీద నింద వేస్తే కళ్లు పోతాయి. పద."

ఆవిడకు భయం అమ్మవారి గురించి కాదు. పిల్ల నోట్లో ఆ శనగలు పెట్టింది ఎవరో ఊరికి తెలుస్తుందని. పిల్ల అటు ఊపిరాడక ఉక్కిరిబిక్కిరవుతుంటే ఇటు ఈవిడ మర్యాద కాపాడుకుంటోంది. నా బిళ్ల మీద ఎండిన చీమిడే నయం.

ఆ తర్వాత ఉచిత ఉబ్బసం శిబిరం వచ్చింది. ఆసుపత్రి ఆవరణలో షామియానా, మందుల కంపెనీ బ్యానరు, కుర్చీల నిండా తల్లులు. వేదిక మీద చక్రపాణి, కాలరుకు చిన్న మైకు, మెడలో నేను. ఆ రోజు మాత్రం నన్ను తుడిచారు. ఫొటోలు తీస్తారు కదా!

"తల్లులారా, మీ పిల్లల ఊపిరి చెప్పేది వినండి," అంటున్నాడు అతను. షామియానా నాలుగు మూలలా ఉన్న స్పీకర్లు అదే మాట అన్నాయి. అసహ్యంతో నా రబ్బరు ముడుచుకుపోయింది.

అప్పుడే పావని జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కింది. చేతుల్లో జోషిత. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. అంతదాకా కదలకుండా ఉన్నదేదో దగ్గుతో పైకి జరిగినట్టుంది. రెండోవైపు దారి కూడా మూసుకుపోతే ఇక నిమిషాలే. అది నాకు తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"నెబ్యులైజర్ పెట్టండి," అని సిస్టర్‌కు చెప్పి, చక్రపాణి అలవాటుగా నన్ను చెవుల్లో పెట్టుకున్నాడు.

పావని పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులా నా గొట్టాలు పట్టుకుని అతని చెవుల్లోంచి పీకేసింది.

"ముందు ఇది తీసి వినండి! చెప్పబోయినప్పుడల్లా ఇది దూర్చుకుని కూర్చుంటారేంటండీ? శనగలండీ, పేరంటం శనగలు! పరిగెడతా ఉంటే మా అత్తయ్యగారు పచ్చి శనగలు నోట్లో పెట్టారు. పిల్లకి పొలమారింది, మొహం నల్లబడిపోయింది. ఆ రోజు దాకా నా బిడ్డకి ఈల అంటే ఏంటో తెలీదండీ!"

కాలరు మైకు పనిచేస్తూనే ఉంది. ఆమె మాట నాలుగు స్పీకర్లలోంచీ వీధిలోకి వెళ్లింది. ఆ వేదిక మీద మొదటిసారి ఒక తల్లి మాట ఎవరూ అడ్డుకోలేకపోయారు.

"ఛీ, నలుగురిలో ఏంటే ఈ అల్లరి," అంటూ వెనకనుంచి సత్యవేణి వచ్చింది. "పొలమారితే నెత్తిన తట్టి మంచినీళ్లు పట్టాను. మేనమామ తలుచుకుంటున్నాడులే అనుకున్నా. అందరూ అనుకునేదేగా!"

"అప్పట్నుంచి ఆపకుండా తలుచుకుంటున్నాడేంటి పిన్నీ ఆ మావయ్య? వేరే పనేం లేదా పాపం?" అంది కుర్చీల్లోంచి ఒకామె.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల పెదవులు నల్లబడుతుంటే కూడా నవ్వగలరు మనుషులు. ఆ నవ్వే చక్రపాణిని కదిలించింది, పావని ఏడుపు కాదు. అందరూ తన వంకే చూస్తున్నారు. అతను కత్తెర అందుకుని గౌను నిలువునా కోశాడు. నన్ను నేరుగా ఒంటికి ఆనించాడు. ఎడమవైపు గాలి. కుడివైపు ఏమీ లేదు. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. అతని చెమట చుక్క ఒకటి నా బిళ్ల మీద పడింది.

"ఆక్సిజన్," అన్నాడు. "అంబులెన్స్ పిలవండి. పెద్దాసుపత్రికి ఫోను చెయ్యండి. ఊపిరితిత్తుల గొట్టంలో గింజ ఇరుక్కుందని చెప్పండి."

"మీరూ ఎక్కండి డాక్టరు గారూ!" అని జనంలోంచి కేకలొచ్చాయి. ఎక్కాడు. ఎక్కకపోతే వదిలేలా లేరు.

దారంతా పావని పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. బండి మలుపు తిరిగినప్పుడల్లా చక్రపాణి నన్ను కుడివైపు ఆనిస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ కొద్ది క్షణాలు కూడా దొరకని చోటు అది. పిల్ల రెండుసార్లు ఊపిరి ఆపి, రెండుసార్లు అందుకుంది.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది తలుపు దగ్గర అక్కడి సర్జన్ ఒక్కటే అడిగాడు. "మొదట్లో చొక్కా విప్పి, రెండు వైపులా విన్నారా?"

"విన్నానండి. మొదటి రోజే," అన్నాడు చక్రపాణి. తడుముకోలేదు కూడా.

నేను అతని మెడలోనే ఉన్నాను. మెడలో ఉన్నంత మాత్రాన గొంతు నొక్కలేను. ఆ ఒక్క క్షణం నొక్కగలిగితే బాగుండనిపించింది.

పిల్లకు మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, దాన్ని తీశారు. స్టీలు గిన్నెలో తెచ్చి చూపించారు. నానీ నానీ ఉబ్బి, పొట్టు ఊడి, చీము పట్టిన శనగ. దాని కంపు వరండా దాకా వచ్చింది. పావని ముక్కు మూసుకోలేదు. ఆ గిన్నెలోకే చూస్తూ నిలబడింది.

తర్వాత చక్రపాణి నన్ను జోషిత వీపుకు కుడివైపు ఆనించాడు. గాలి వస్తోంది. ముందు తడిగా, గరగరగా, కాసేపటికి తేటగా. రెండు వైపులా ఒకేలా. ఇందుమతి గారి తర్వాత నేను విన్న శుభ్రమైన శబ్దం అదొక్కటే.

పిల్ల బతికింది. ఇక్కడ ఆపేస్తే కథ బాగుంటుంది. మనుషులు ఆపరు కదా.

వారం తిరక్కుండా ఆసుపత్రి ముందు ఫ్లెక్సీ లేచింది. చక్రపాణి నిలువెత్తు బొమ్మ, మెడలో నేను, పక్కన సీసాలో శనగ. 'ఊపిరి విని ప్రాణం పోసిన ప్రాణదాత.' సత్యవేణి పళ్లబుట్టతో వచ్చింది. "దేవుడండీ మా డాక్టరు గారు! శనగలేనని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండి. మా కోడలే చిన్నపిల్ల, చెప్పుకోవడం రాదు," అంది. అతను చేతులు జోడించి వినయంగా నవ్వాడు. ఇద్దరూ ఒకరి అబద్ధాన్ని ఒకరు పళ్లతో, నవ్వుతో శుద్ధి చేసుకున్నారు. నన్ను మాత్రం తుడవలేదు.

కొన్నాళ్లకు నా గొట్టం చీలింది. అతను కరెంటు స్టెతస్కోపు కొన్నాడు. అది ఊపిరిని గీతలుగా తెర మీద చూపిస్తుంది. ఇప్పుడు తల్లి మాట్లాడుతుంటే అతను ఆ తెరకేసి చూస్తాడు. నన్ను వరండాలో పిల్లల బొమ్మల బుట్టలో పడేశారు. కన్ను ఊడిన ఎలుగుబంటి, చక్రాల్లేని లారీ, ఎవరో కొరికిన ప్లాస్టిక్ అరటిపండు, నేను. అన్నిటి మీదా చీమిడి.

ఒక రోజు పావని జోషితను పరీక్షకు తీసుకొచ్చింది. టోకెన్ పిలిచేలోగా పిల్ల బుట్టలో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగింది. గొట్టాలు తిరగేసి చెవుల్లో పెట్టుకుంది. నా బిళ్లను తల్లి ఛాతీకి కాదు, తల్లి నోటికి ఆనించింది.

"చెప్పు," అంది.

"ఏం చెప్పనే?"

"చెప్పూ."

పావని అటూ ఇటూ చూసి, నా బిళ్లలోకి గొంతు తగ్గించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నా గొట్టం చీలిపోయిందిగా, ఒక్క ముక్క కూడా పిల్లకు చేరలేదు. జోషిత మొహం చిట్లించింది. నన్ను చెవుల్లోంచి పీకి నేల మీదికి విసిరేసి, తల్లి నోటికి తన చెవిని ఆనించింది.

లోపల కొత్త యంత్రం కీచుమంది. టోకెన్ పిలిచారు. పావని లేవలేదు. ఆమె చెప్పడం ఇంకా పూర్తికాలేదు, పిల్ల చెవి తీయలేదు.