ఉడకబెట్టిన ఇల్లు

మా పాప నారే నిద్రలో కూడా మోచేతులు గీరుకుంటుంది. దుప్పటి మీద నెత్తురు మరకలు చూసిన రోజే చెప్పేశాను, కొత్త ఫ్లాటు లోపలి పనంతా నేను చెప్పినట్టే చేయించాలని. జిగురు తక్కువ వాడిన చెక్క, వాసన లేని రంగు, గాలిని వడకట్టే యంత్రం. చలికాలం మా ఇళ్లలో నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు పారిస్తాం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ నేల గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించకూడదు. వేడి తగిలితే పాపకు దురద రెచ్చిపోతుంది.

మా అత్తయ్యకు ఈ మాట మింగుడు పడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ కాలే నేల మీద పడుకున్న మనిషి.

"వీపు చుర్రుమనకపోతే నాకు నిద్రెక్కడ పడుతుందే? అది ఇల్లా, కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్జా?" అంది.

"పాప కోసం, అత్తయ్యా."

"సర్లే, ముసలిదాని నడుము ఎవరిక్కావాలి" అని నవ్వేసింది. ఆవిడ నవ్విందంటే గొడవ తీరిపోయిందనుకుంటాం మేం.

చేరేముందు కొత్త ఇంటిని ఉడకబెట్టాలి కదా. కిటికీలన్నీ బిగించి, అలమరలు, సొరుగులు బార్లా తెరిచి, నేల కింద పారే నీళ్ల వేడిని ఆఖరి దాకా పెంచి వచ్చాం. చెక్కలో దాగిన జిగురు విషమంతా అప్పుడు గాల్లోకి వస్తుంది. తర్వాత కిటికీలు తెరిచి దాన్ని తోలేయాలి.

మర్నాడు మధ్యాహ్నం నేనూ మా ఆయన మిన్‌సొక్కూ ఆ పని మీదే వెళ్లాం. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. కళ్లు భగ్గున మండాయి. చెప్పులు విప్పబోతూ కిందికి చూశాను. గుమ్మంలో ఊదారంగు బొచ్చు చెప్పులు పొందిగ్గా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అత్తయ్యవి.

పొద్దున ఆవిడ పేకాటకని ఇంట్లోంచి బయల్దేరింది. ఈ తలుపు తాళం తెరవడానికి నొక్కే నంబరు పాప పుట్టినరోజే, ఆవిడకు తెలియకేం.

హాలు మధ్యలో పలచటి బొంత మీద వెల్లకిలా పడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరుచుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది, చెమట చుక్క లేదు. మా ఆయన "అమ్మా" అన్నాడు, అక్కడే నిలబడిపోయాడు. కాళ్లు పట్టుకోమని నేనే అరిచాను. ఇద్దరం బొంతతో సహా వరండాలోకి ఈడ్చుకొచ్చాం. నా బిడ్డకు తగలకూడదని నేను బయటికి రప్పించిన విషాన్ని ఈవిడ గంటల తరబడి పీల్చింది. ఆ సంగతి తలకెక్కుతుండగానే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

జనవరి గాలి తగిలి కాసేపటికి ఆవిడ కళ్లు విప్పింది.

"తలుపు మూయండర్రా, వేడంతా పోతోంది" అంది.

ప్రాణానికి గండం తప్పిందని సాయంత్రానికి ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. అప్పుడు నాకు కోపం తన్నుకొచ్చింది.

"ఎందుకెళ్లారు అత్తయ్యా? చచ్చిపోయేవారు."

"మీరు చేరాక ఎలాగూ చల్లబెట్టేస్తారుగా. వేడున్నప్పుడే ఒక్కసారి నడుము కాల్చుకుందామని" అంది, తప్పు చేసిన పిల్లలా దుప్పటి అంచు నలుపుతూ.

నేను కుర్చీని మంచం దగ్గరికి లాక్కున్నాను.

"మీ గదికి వేరే మీట పెట్టించాను. మీకెంత కావాలంటే అంత పెంచుకోవచ్చు" అన్నాను.

ఆవిడ దుప్పటి నలపడం ఆపింది.

"ఉందా? మరి చెప్పలేదేమే" అంది.

ఇంటి గురించి నేను అందరితోనూ మాట్లాడాను, చెక్కవాడితో, రంగులవాడితో, పాప డాక్టరుతో. ఆవిడకు మాత్రం చెప్పలేదు.