దొడ్డుప్పు

"ఇంకొక చెమ్చా వెయ్యి. దొడ్డుప్పుతోని బీపీ రాదు" అంటాడు మా ఆయన రవీందర్, రోజూ పప్పు గిన్నెలోకి తొంగిచూస్తూ.

బీపీ ఉన్నది ఆయనకే. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆ వారమే ఆయన ఆఫీసులో ఎవరో, సముద్రపు దొడ్డుప్పు మంచిదని, ప్యాకెట్ ఉప్పే విషమని చెప్పారట. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినని మహానుభావుడు ఆ ఎవరో చెప్పిన మాట విని ఇంట్లో ప్యాకెట్లన్నీ మోరీలో పోశాడు. దొడ్డుప్పు ఏరి, ఎండబెట్టి, దంచే పని నాకు. మదీనాగూడలో ఎనిమిదింటి బస్సు అందుకోవాల్సిందీ నేనే.

హైటెక్ సిటీలో నా ఉద్యోగం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అమెరికా డాక్టర్ల మాటలు టైపు చేయడం. ఒకరోజు ఎవరో ఆడమనిషి గురించి వింటున్నాను. ఎప్పుడూ నీరసం, జుట్టు రాలడం, గొంతు ముందు వాపు. టైపు చేస్తూనే గొంతు తడుముకున్నాను. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, బద్ధకం. "ఏంది గిట్ల తూలుతున్నవ్? కుర్చీల కూసొని టైపు కొట్టేదానికి గింత అలుపా?" అంటుంది మా అత్త నీలమ్మ.

దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. థైరాయిడ్ అంది డాక్టరమ్మ. మాత్రలు రాసి, ఏ ఉప్పు వాడతారని అడిగింది. దొడ్డుప్పని, మా ఆయన బీపీ సంగతీ చెప్పాను. "ఆ ఉప్పులో అయోడిన్ కలపరమ్మా. నీకు ప్యాకెట్ ఉప్పే కావాలి. బీపీకంటావా, రెండూ ఒకటే, ఏదైనా తగ్గించాల్సిందే."

ఇంటికొచ్చి అదే చెప్పాను. తల్లీకొడుకులు పకపకా నవ్వారు. "టైపు కొట్టేదానివి, డాక్టర్‌వైనవా? నీ గొంతు కోసం నా పానం తీస్తవా?" అన్నాడు. నేను తెచ్చిన ప్యాకెట్ కూడా మోరీలోకే పోయింది. ఉప్పు వెయ్యకముందే నా కూర విడిగా తీసుకుంటానని, సిగ్గు విడిచి బతిమాలాను. "ఒక్కింట్ల రెండు వంటలా?" అంది అత్త.

ఇప్పుడు వాళ్లు చూడకుండా నా టిఫిన్ డబ్బాలో చప్పిడి కూర తీసుకుపోతాను. ఆఫీసు సొరుగులో నా ఉప్పు ప్యాకెట్ ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను. వాపు తగ్గుతోంది.

ఇవాళ పొద్దున ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు, దిమ్ముగా ఉందని. డాక్టరమ్మ మాట నా నోటిదాకా వచ్చింది. ఈలోపే పప్పు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఉప్పేది? చేతులు పడిపోయినయా? ఇంకొక చెమ్చా వెయ్యి."

రెండు వేశాను.